మజ్జిగ అయ్యేదాకా ఎవర్నీ లేపని హోటలు

శరణన్నవాణ్ణి కాపాడాలని ఊరూరా ప్రవచనం చెప్పేవాణ్ణి నేను. బడిలో నేర్చింది కాదు, గ్రంథం సంచిలో వేసుకుని తిరుగుతూ నేర్చింది. ఎమర్జెన్సీలో పోలీసులు వెతుకుతున్న ఒక ప్రతిపక్ష నాయకుడికి తిరుపతిలో పెద్ద హోటలొకటి గది ఇచ్చిందని ఐరాలలో ఎవరో చెప్పారు. అట్లాంటి చోటు చూడకుండా నేను శరణాగతి గురించి నోరెట్లా విప్పేది? ఢిల్లీలో కొత్త ప్రభుత్వం వచ్చిన ఆ వేసవిలోనే బయల్దేరాను.

చిత్తూరులో ఆరున్నర బస్సెక్కితే తొమ్మిది కాకముందే తిరుపతి. బస్టాండు నుంచి రైల్వే స్టేషను వైపు నడవొచ్చు, రిక్షా అయితే రూపాయి. నాలుగంతస్తుల హోటలు దూరానికే కనబడుతుంది. భోజనం పదకొండుకు గానీ పెట్టరు గనక వంటశాల గడపలో కూర్చుని పెద్ద వంటాయన నరసింహప్పను కదిపాను. ఆనాడు పోలీసు జీపు వచ్చేసరికి నాయకుడు భోజనానికి కూర్చున్నాడట. ఆకు ముందు కూర్చున్నవాణ్ణి మజ్జిగ అయ్యేదాకా లేపకూడదు, అతనూ లేవకూడదు. అది ఈ హోటలు కట్టుబాటు. ఇన్‌స్పెక్టరు ఆ మాట మన్నించి బయట నిలబడ్డాడు. నాయకుడు మజ్జిగన్నం తిన్నాకే జైలుకు వెళ్లాడు. గది ఇచ్చినందుకు హోటలుకు తాళం పడింది. ఎమర్జెన్సీ పోయాకే తీశారు. ఇప్పుడా నాయకుడు అధికార పక్షంలో ఉన్నాడు.

మొదటి పంక్తిలో నా ఎదుటి ఆకు ముందు అప్పుడే కొండ దిగివచ్చిన గుండు ముసలాయన. చారు వడ్డిస్తుండగా ఆ నాయకుడి అనుచరులు నలుగురు లోపలికొచ్చి ఆయన్ని గుర్తుపట్టారు. ఆనాటి ఇన్‌స్పెక్టరే, రిటైరయ్యాడు.

"మా అన్నను జైలుకు తోలినోడు ఈడే. లెయ్‌రా బయటికి."

ముసలాయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. శరణన్నవాణ్ణి కాపాడాలని నేను గ్రంథం ఎత్తి గర్జించాను. ఒకడు నవ్వి, "నీ కతలు కొండమీద సెప్పుకో పో సామీ" అన్నాడు.

నరసింహప్ప గరిటెతో అడ్డం వచ్చాడు. "మజ్జిగ కాలేదు, లేపేది లేదు. ఆ పొద్దు మీ అన్న కోసరం ఇదే సెప్పినాం."

"మళ్లీ తాళం ఎయ్యమంటావా?"

"ఎయ్యండప్పా. ఆయన తినేదాకా నిలబడేం జేస్తారు? పొద్దున్నించి మీరేమన్నా తిన్నారా?"

అంటూనే నాలుగు ఆకులు వేశాడు. మొహాలు చూసుకుని కూర్చున్నారు. వాళ్ల ఆకుల్లో సాంబారు పడేసరికి ముసలాయన మజ్జిగ ముగించి లేచాడు. ఒకడు సగం లేవబోయాడు. నరసింహప్ప ఇంకో గరిటె అన్నం పెట్టి, "అన్నం ముందర్నించి లేస్తావా నాయనా?" అన్నాడు. కూర్చున్నాడు. బయట ముసలాయన ఎక్కిన రిక్షా రేణిగుంట దారి పట్టింది.

తాళం పడుతుందేమోనని యజమాని సాయంత్రం దాకా గల్లాపెట్టె దగ్గర్నుంచి కదల్లేదు. ఎవరూ రాలేదు. మనకు నచ్చినవాడికి నీడ ఇవ్వడానికి శాస్త్రం ఎందుకు? నచ్చనివాడు ఎదురైనప్పుడే అది కావాలి. ఇన్నేళ్లూ గొంతు చించుకుని నేను చెప్పింది అందులో సగమే.

వెళ్లేవాళ్లు పదకొండుకల్లా చేరండి, మొదటి పంక్తిలో చోటు దొరుకుతుంది. పక్క ఆకు ముందు ఎవరున్నారని మాత్రం అడగకండి.