మామయ్య చేతికి సరిపడిన స్టీరింగ్

బట్టల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మెకానిక్ అక్క అంటారు. బారులు తీరిన కుట్టుమిషన్ల మధ్య ఏ మూల ఏ మిషన్ మొరాయించినా ముందు లేచేది ఆ కేకే. ఆమె పరుగెత్తదు. ఏప్రన్ జేబులో స్క్రూడ్రైవర్లు, చిన్న టార్చి, నూనె గుడ్డ సర్దుకుంటూ నడిచే వస్తుంది. వచ్చేసరికి సగం మంది ఊపిరి పీల్చుకుంటారు.

చేరింది దారాలు కత్తిరించే పనిలో. అప్పటి పెద్ద మెకానిక్ మిషన్ విప్పినప్పుడల్లా వెనక నిలబడి ఏ మర ఎటు తిరుగుతుందో చూసేది. "నీడ పడుతోంది, పక్కకి జరుగు" అని ఆయన కసిరేవాడట. కొన్నాళ్ళకి "నీడ పడకుండా నిలబడి చూడు" అన్నాడు. ఇంకొన్నాళ్ళకి స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చి తనే వెనక నిలబడ్డాడు.

మా పై అంతస్తులో ఉంటుంది. మెట్ల మీద కలిసినప్పుడు నేను పని సంగతులు అడుగుతాను, ఆమె విసుక్కోకుండా చెబుతుంది. ఒకసారి ఇలా అంది: "మిషన్ పాడైందని ఎవరు పిలిచినా నేను ముందు మిషన్ ముట్టుకోనండీ. కుట్టే మనిషి పక్కన స్టూలేసుకుని కూర్చుంటాను. నీ మానాన నువ్వు కుట్టమ్మా అంటాను. చేతులు చూస్తాను. ఒకమ్మాయి సూదులు విరిగిపోతున్నాయని ఒకటే ఏడుపు. చూద్దును కదా, మిషన్ గుండ్రాయిలా ఉంది. తనే తొందరకొద్దీ గుడ్డని వెనకనుంచి లాగేస్తోంది. సూది వంగక ఏం చేస్తుంది?"

ఇంత పద్ధతి గల మనిషి ఒక్కసారి ఆ పద్ధతిని మరిచిపోయింది. అదీ ఇంట్లో, మామయ్య దగ్గర.

మామయ్య అంటే ఆమె భర్త తండ్రి. వయసంతా లారీ నడిపిన మనిషి. ఇంకా కొన్నేళ్ళు నడుపుతారని అందరూ అనుకుంటుండగానే ఒక సాయంత్రం తాళాలు ఓనరు బల్ల మీద పెట్టేసి ఇంటికొచ్చారు. "తిరిగింది చాలు" అన్నారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. తోటి డ్రైవర్లంతా కలిసి వీడ్కోలు కానుకగా ఒక రిమోట్ బండి కొనిచ్చారు. మాన్‌స్టర్ ట్రక్ అంటారే, అది. బండి పిల్లిపిల్లంత ఉంటే చక్రాలు దాని తలకి మించి ఉంటాయి. వెక్కిరింతకి కొన్నారో, ప్రేమకి కొన్నారో తెలియదు. మామయ్య దాన్ని కొన్నాళ్ళు అలమర మీద పెట్టి చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే సంచిలో వేసుకుని బయటికెళ్ళారు.

"లారీ ఉన్నన్నాళ్ళూ లారీతో కాపురం చేశారు" అంది అత్తయ్య. "సవతి పోరు తప్పిందిరా దేవుడా అనుకుంటే సవతి కూతుర్ని తెచ్చి నెత్తిన పెట్టారు."

గోదాముల వెనక ఖాళీ స్థలంలో ఆదివారాలు ఇలాంటి బండ్లవాళ్ళు కలుస్తారు. ఒక వెల్డరు, ఫోటో స్టూడియో అబ్బాయి, ఇంకొందరు. విరిగిన ప్లాస్టిక్ పైపులు నేలలో పాతి వాటి మధ్య మలుపులు పెట్టుకున్నారు. పైపుకి తగలకుండా చుట్టి రావాలి. మామయ్యని అక్కడ పెద్దాయన అనేవారు. రోడ్డు మీద బండి నడిపినవాడు అక్కడ ఆయనొక్కరే.

కానీ ఆయన ట్రక్కు ప్రతి మలుపులోనూ వెడల్పుగా కొట్టుకుపోయేది. పైపు మీద పైపు పడేది. స్టూడియో అబ్బాయికి నోరు ఊరుకోదు.

"పెద్దాయనా, బండికి పొద్దున్నే పోయించారా ఏంటి? తూలుతోంది!"

అందరూ నవ్వారు. మామయ్యా నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం ట్రక్కుని వంటింటి గట్టు మీద తలకిందులుగా పెట్టి కోడల్ని పిలిచారు.

"చూడమ్మా. స్టీరింగ్‌లో ప్లే ఎంతుందో."

ఆమె ముందు చక్రం పట్టుకుని కదిపింది. వేలెడు అటు, వేలెడు ఇటు వదులుగా ఊగింది. రిమోట్ మీద చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే బండిలోని సర్వో అనే అగ్గిపెట్టంత మోటారు ఒక కడ్డీని తోస్తుంది, ఆ కడ్డీ చక్రాల్ని తిప్పుతుంది. ఇందులో మోటారు నీరసంగా ఉంది, కడ్డీ ప్లాస్టిక్‌ది, కీళ్ళన్నీ అరిగిపోయాయి.

"బాగుచెయ్యగలవా?" అన్నారు మామయ్య. "లేకపోతే లేదని చెప్పు. ఆ స్టూడియో అబ్బాయికి ఇచ్చేసి, ఇంట్లో కూర్చుని పేపర్ చదువుకుంటాను."

పేపర్ చదువుకుంటాను అనే మాటని ఆయన జైలుకి పోతాను అన్నట్టు అన్నారట.

మెకానిక్ అక్క నడుం బిగించింది. ఇనుప పళ్ళున్న గట్టి సర్వో తెప్పించింది. ప్లాస్టిక్ కడ్డీ తీసేసి, మర తిప్పి పొడుగూ పొట్టీ చేసుకునే ఉక్కు కడ్డీ వేసింది. అరిగిన కీళ్ళలో కందిగింజంత బేరింగులు కూర్చింది. సర్వోకీ కడ్డీకీ మధ్య స్ప్రింగున్న ముక్క ఒకటుంటుంది. అదీ వదులుగానే కనిపిస్తుంది. దాన్ని మాత్రం తీసెయ్యలేదు, కాస్త బిగించి ఊరుకుంది. "మా మిషన్లలోనూ అడుగున అలాంటిది ఉంటుందండీ. దారం ఇరుక్కోగానే టక్కున వదిలేస్తుంది. అది వదలకపోతే హుక్కు విరుగుతుంది. లొంగాల్సిన చోట లొంగనివ్వాలి" అంది నాతో.

అన్నీ అయ్యాక డాబా మీద సుద్దముక్కతో గీత గీసి తనే నడిపి చూసింది. ట్రక్కు గీత మీద కుట్టు పడినట్టు వెళ్ళింది. తిరగమన్నచోట తిరిగింది. ఆమె మురిసిపోయి రిమోట్ మామయ్యకిచ్చింది.

ముందు చక్రాలు గడగడా వణికాయి.

జ్వరమొచ్చినట్టు వణుకుతూనే బండి పిట్టగోడ దాకా పోయి గుద్దుకుంది. మామయ్య రిమోట్ కింద పెట్టేశారు.

"ఇదివరకే నయం కదమ్మా" అన్నారు మెల్లగా.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. మళ్ళీ విప్పింది. బేరింగులు కడిగింది, తీగలు మార్చింది, సర్వోని వెనక్కిచ్చి ఇంకోటి తెప్పించింది. తను నడిపితే బండి బంగారంలా పోతుంది. మామయ్య పట్టుకుంటే వణుకుతుంది. భర్త భోజనం దగ్గర నవ్వాడు. "బండికి కూడా నాన్నంటే భయమేమో!"

ఆ నవ్వులో ఆమె కలవలేకపోయింది. "నేను పట్టుకుంటే ఒకలా, ఇంకొకరు పట్టుకుంటే ఒకలా." ఫ్యాక్టరీలో ఎవరైనా ఈ మాట చెబితే తను ఏం చేస్తుంది?

మర్నాడు సాయంత్రం స్టూలు తీసుకెళ్ళి డాబా మీద మామయ్య పక్కన వేసుకుంది. "మీ మానాన మీరు నడపండి మామయ్యా, నేను చక్రాల శబ్దం వింటాను" అంది. చక్రాల వంక చూడలేదు. ఆయన చేతుల వంక చూసింది.

రిమోట్ చక్రం మీద కుడిచేతి వేళ్ళు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి. పాత స్టీరింగ్‌లోని వదులు ఆ వణుకునంతా మింగేసేది. ఈమె వదులు లేకుండా చేసింది. ఇప్పుడు చేతిలో ఉన్నది ఉన్నట్టు చక్రాల్లోకి దిగుతోంది.

ఒక్కొక్కటే గుర్తొచ్చాయట ఆమెకి. తాళాలు ఓనరు బల్ల మీద పెట్టేసి రావడం. అద్దం ముందు గీసుకునే గడ్డం మంగలి షాపుకి మారడం. స్టూలు తీసుకుని కిందికి దిగిపోయింది.

పాత సామాను మళ్ళీ వేసేస్తే వణుకు కనపడదు. కానీ మలుపూ తిరగదు, ఈ ఆదివారం కూడా పైపులు పడతాయి, ఆయన పేపరుకీ కుర్చీకీ మిగులుతారు. మొగుడికి చెబితే ఇల్లంతా గోల. ఆలోచించి ఆలోచించి బండిని వదిలేసి రిమోట్ విప్పింది.

అందులోని చక్రం గాలికి తిరిగేంత తేలిక. మిషన్లలో నూనె పీల్చుకునే దళసరి ఫెల్టు ముక్క ఉంటుంది. దాన్ని బిళ్ళలా కత్తిరించి చక్రం ఇరుసుకి తొడిగింది, చిక్కటి గ్రీజు రాసింది. చక్రం మరీ బిగుసుకుపోయింది, వదిలినా మధ్యకి తిరిగి రాలేదు. ఫెల్టు కొంచెం గీకి, లోపలి స్ప్రింగు మార్చి గట్టిది వేసింది. అప్పుడు బరువుగా తిరిగి, బరువుగానే వెనక్కి వచ్చింది. చిన్న చక్రం మీద చిన్న వణుకు కూడా పెద్దదే కదా అనుకుని, అత్తయ్య డబ్బా మూత ఒకటి తీసి, అంచుకి మెత్తటి టేపు చుట్టి, పాత చక్రం మీద మరలతో బిగించింది.

"నా డబ్బా మూతేదే?" అంది అత్తయ్య.

"స్టీరింగయింది అత్తయ్యా."

"అయ్యో నా తల్లీ! మావాడు చేసుకున్నది పిల్లనా, పాతసామాన్ల కొట్టునా?"

ఆదివారం పొద్దున రిమోట్ మామయ్య ముందు పెట్టింది. "తప్పు బండిలో లేదు మామయ్యా, రిమోట్‌లో ఉంది. బొమ్మలవాళ్ళు పిల్లల చేతులకి చేశారు. మీవి లారీ చేతులు."

ఆయన చక్రం తిప్పి చూశారు. ఇంకోసారి తిప్పి చూశారు. తర్వాత చాలాసేపు కోడలి వంక చూశారు. "పద, నువ్వు కూడా రా" అన్నారు.

ఆ రోజు ట్రక్కు జోరుగా ఏమీ పోలేదు. లోడున్న లారీ సందులో మలుపు తిప్పినట్టు నిదానంగా, బరువుగా, పైపు పక్కనుంచి రాసుకుంటున్నట్టే వెళ్ళి రాసుకోకుండా బయటికొచ్చింది. ఒక్క పైపు కూడా పడలేదు. మిగతావాళ్ళ బండ్లు ముందే చేరిపోయాయి, కానీ వెల్డరు తన బండి ఆపేసి దీన్నే చూస్తూ నిలబడ్డాడు.

స్టూడియో అబ్బాయి ఊరుకుంటాడా? రిమోట్ అడిగి తీసుకున్నాడు. తిప్పాడు. ట్రక్కు ఆలస్యంగా తిరిగి మొదటి పైపునే పడేసింది.

"అబ్బ, ఇంత బరువేంటండీ! దీంతో ఎలా నడుపుతున్నారు?"

"నీకెలా కుదురుతుంది బాబూ?" అన్నారు మామయ్య. "అది మా కోడలు నా చెయ్యి చూసి కొలత తీసింది."

అందరూ వింటుండగానే అన్నారు. రిమోట్ కోసం కుడిచెయ్యి చాచారు. అది వణుకుతోంది, దాచుకోలేదు. స్టూడియో అబ్బాయి ఆ చెయ్యి చూసి, రెండు చేతులతో రిమోట్ అందించాడు. ఆ తర్వాత అతను తూలడం గురించి మాట్లాడలేదు. నా బండి మలుపులో ఎగిరిపడుతోంది, కాస్త చూసి చెప్పండి పెద్దాయనా అన్నాడు.

తిరిగొస్తూ దారిలో మామయ్యే మాట కదిపారు. "స్టీరింగ్ మీద చెయ్యి వణకడం మొదలైనప్పుడే దిగిపోయాను. వెనక టన్నుల బరువు, ముందు జనం. ఎవరికీ చెప్పలేదు. నువ్వూ అడగలేదు."

"అడిగితే చెప్పేవారా?"

"చెప్పేవాణ్ణి కాదు." సంచి ఎడమ భుజానికి మార్చుకున్నారు. "ఈ వారం డాక్టరు దగ్గరికి పోదాం, నువ్వు రా. మావాణ్ణి తేకు. వాడు డాక్టరు కంటే ఎక్కువ ప్రశ్నలేస్తాడు."

ఇంటికి చేరగానే అత్తయ్య కాఫీ తెచ్చింది. గ్లాసులో సగానికే ఉంది. చాలాకాలంగా ఆవిడ మామయ్యకి సగం గ్లాసే పోస్తోందని, అయిపోయాక అడక్కుండానే మిగతా సగం తెస్తోందని మెకానిక్ అక్కకి ఆ క్షణం దాకా తట్టలేదు. ఇంట్లో అందరికంటే ముందు చేతులు చూసిన మనిషి ఆవిడే.

"నిండా పొయ్యి" అన్నారు మామయ్య.

అత్తయ్య ఆయన్ని చూసింది, కోడల్ని చూసింది. గ్లాసు అంచు దాకా పోసింది.

"ఒలికిందా?" అని మెట్ల మీద అడిగాను నేను.

"ఒలక్కేం! ఆ చొక్కా ఉతికింది నేనే కదా" అని నవ్వి, ఫ్యాక్టరీకి వేళవుతోందంటూ మెకానిక్ అక్క మెట్లు దిగి వెళ్ళిపోయింది.