దయ్యం పోయే తలుపు

1940 చలికాలంలో నన్ను ఇబ్రహీంపట్నం దగ్గరి ఒక పల్లెకు పంపారు. నేను మిషన్ కట్టడాల ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగిని. అక్కడి పాత చర్చిని కొలిచి, దాని చరిత్ర రాసి, మరమ్మతులు సూచించాలి. ఆ రోజు చర్చిని మూలమూలా కొలిచాను. అందులోకి వచ్చేవాళ్లను ఒక్క మాటా అడగలేదు. తప్పు అక్కడే జరిగింది.

వెనకటి పాదిరీ దొర ఒకాయన ఇంగ్లండులోని తన ఊరి చర్చిని తలుచుకుంటూ కట్టించిందది. పొడవాటి హాలు, మొనదేలిన కమాను కిటికీలు, తూర్పున ప్రభువు బల్ల, పడమట ద్వారం. మంచు పేరుకోకుండా జారిపోయేంత ఏటవాలు కప్పు. పాపం ఆ కప్పు మంచు కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. దాన్ని పొగుడుతూ ఒక పేజీ నింపాను.

పడమటి ద్వారాన్ని మాత్రం ఎవరో రాళ్లతో మూసేసి, ఉత్తరపు గోడకు చిన్న తలుపు పెట్టారు. 'స్థానికుల అజ్ఞానం వల్ల కలిగిన వికృతి' అని రాశాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను. మా ఇంజినీరు దొర కూడా మురిసిపోయి, ఉత్తరపు తలుపు మూయించి పడమటిది తెరిపించాడు.

వానలకు ముందు ఒక ఆదివారం తనిఖీకి వెళ్లాను. హాలు సగం ఖాళీ. వచ్చినవాళ్ల చేతుల్లో చెప్పులు. మిగతావాళ్లేరని చర్చి ఊడ్చే చంద్రమ్మను అడిగాను.

"గడిల ఉన్నరు సారు. వెట్టికి పట్టుకపోయిన్రు."

పడమటి ద్వారానికి ఎదురుగానే ఊరి దొర గడి, కోటలాంటి ఇల్లు. దాని ముందు వీళ్లు చెప్పులు తొడుక్కుని నడవకూడదు. కంటపడ్డవాళ్లను కూలి లేని పనికి లాక్కుపోయేవారు. వీళ్ల వాడ ఉత్తరాన ఉంది. ఆ చిన్న తలుపు అందుకే.

"ముందే చెప్పొచ్చు కదా?" అన్నాను, ఇంకా సిగ్గు రాక.

"నువ్వు అడిగినవా? గోడలకు టేపు పెట్టుకుంట తిరిగినవ్. పడమటి తలుపు కనవడ్డది గని, దాని ముంగట గడి కనవడలేదా సారు?"

ఇంజినీరు దొరకు విన్నవించాను. ఊరి తగాదాలకు కట్టడ చరిత్రలో చోటు లేదన్నాడు. ఆఫీసులోని పుస్తకాలు తిరగేశాను. ఇంగ్లండు పల్లెల పాత చర్చిలకు ఉత్తరపు తలుపు ఉండేదట. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు దయ్యం అటుగా పోతుందని దాన్ని తెరిచేవారట. అదే రాసి, నా పాత వాక్యం తప్పని కింద సంతకం చేసి పంపాను. మనుషులు రావడానికి తెరవని తలుపు, దయ్యం పోవడానికి వెంటనే మంజూరైంది.

సంగతి చెబితే చంద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గట్లనా! దయ్యానికున్న మర్యాద మాకు లేకపాయె. తియ్ సారు, అది పోయినంక మేమొస్తం."

తలుపు నిలబెట్టేదాకా అక్కడే ఉన్నాను. అప్పటికే వెట్టిలో గడిచిపోయిన ఆదివారాలను మాత్రం ఏ మరమ్మతూ వెనక్కి తేలేదు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఏ కట్టడానికి వెళ్లినా, జనం ఏ దారిన వస్తారో, ఏ దారిన ఎందుకు రారో అడిగి, ముందు ఆ దారులు గీసేవాణ్ణి. గోడలు తర్వాత గీసేవాణ్ణి.