రానివాళ్ళ గుమ్మం

నా చిన్నప్పుడు, ఒక కార్తీకమాసం మొదట్లో, మా ఇంటిల్లిపాదీ మూడు పూటలా ఇడ్లీలే తిన్నాం. ఇష్టమై కాదు, అమ్ముడుపోక. శ్రీకాకుళం వైపు నుంచి బరంపురం వచ్చిన కొత్తలోనే నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. అప్పుడు మా అమ్మమ్మ వీధి అరుగు మీద ఇడ్లీ కొట్టు పెట్టింది. ఇంటికి అదే ఆధారం.

చుట్టుపక్కల ఒడియా ఇళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. ఉన్నట్టుండి ఆ గిన్నెలు రావడం మానేశాయి. మూలమీది కొత్త హోటలు మన బేరం లాగేసుకుందని అమ్మ తేల్చేసింది, కొట్టు కట్టేద్దామంది. అమ్మమ్మ కొంగు సర్దుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఒచ్చినోల్లు బాగుందనే సెప్తారు. రానోల్లనే అడగాల. ఎల్దాం పద."

"ఇంటికెల్లి అడగడమేటమ్మా, నామోషీ కాదా?" అంది అమ్మ.

"నామోషీ నాదిలే. నువ్వు పప్పు నానబెట్టు."

అమ్మమ్మ ఎదురింటి ఒడియా పెద్దావిడ గుమ్మంలో నిలబడి, వాళ్ళ భాషలో పిన్నీ అని పిలుస్తూ, "మావుసీ, మా ఇడ్లీలో ఏటి తప్పొచ్చింది?" అని అడిగేసింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ కంగారుపడి మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. కార్తీకం నెలంతా తమ ఇళ్ళలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరట. మా చెట్నీ నిండా వెల్లుల్లే. మేం సోమవారాలు మాత్రమే పాటించేవాళ్ళం, ఆ సంగతి మాకు తట్టనే లేదు. మొహమాటానికి వాళ్ళూ చెప్పలేదు.

ఇంటికి రాగానే అమ్మమ్మ వెల్లుల్లి మూటగట్టి అటకెక్కించింది. రోలు కడిగి అల్లం, కొబ్బరి రుబ్బింది. వెల్లుల్లి కారం లేనిదే ముద్ద దిగని మనిషి, చేతికి వాసన అంటుతుందని ఆ నెలంతా తనూ మానేసింది. "ఎవులు సూడొచ్చారు?" అని అమ్మ వేళాకోళం చేస్తే, "ఆల్లు నమ్మి తింతారు కదే" అంది.

మర్నాడు ఎదురింటి గిన్నె వచ్చింది, వెనకాలే మిగతావీ వచ్చాయి. మూలమీది హోటలు ఎన్ని చేతులు మారిందో గానీ, మా కొట్టు అమ్మమ్మ ఉన్నన్నాళ్ళూ నడిచింది. నా చదువూ ఆ అరుగు మీదే గట్టెక్కింది.

ఇప్పుడు నాకు ఆవిడ వయసు. అలిగి రావడం మానేసిన చుట్టం ఇంటికైనా, పలకరించని పక్కింటికైనా నేనే వెళ్ళి అడుగుతాను. కార్తీకం వస్తే అల్లం చెట్నీ రుబ్బుతాను. ఎంత రుబ్బినా ఆ రుచి రాదు. ఏం తక్కువైందో అమ్మమ్మని అడగాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఏ గుమ్మానికి వెళ్ళి అడగను?