పాత ప్రోగ్రాముకు గది కట్టిన యశోద

యశోదను నేను మొదలు చూసింది బస్సుల, కండక్టర్‌తోటి కొట్లాడుతుంటే. కొత్తగూడెంల ఎక్కింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక అట్టడబ్బాను నడుం మీద ఎత్తుకొచ్చింది. ఆడోళ్లకు టికెట్ లేదుగని డబ్బాకు ఉంటదని కండక్టర్ పట్టువట్టిండు.

"ఒళ్లె కూసున్నదానికి లగేజీ టికెట్ ఏందన్నా? వీడు నా పిల్లగాడు."

"పిల్లగాడయితే హాఫ్ టికెట్ తీసుకో."

"హాఫ్ అయిదేండ్లు నిండినంక గదా. వీడు పోయిన నెల పుట్టిండు, చూడు," అని డబ్బా మీద అచ్చేసిన తయారీ తేదీ చూపిచ్చింది.

బస్సు బస్సంత నవ్వింది. కండక్టర్ డబ్బాను చూసిండు, ఆమెను చూసిండు. "పిల్లగాన్ని గట్టిగ పట్టుకో, మలుపుల కాడ కింద వడ్తడు," అని ముందుకు వోయిండు.

అశ్వారావుపేటల దిగినంక నేను ఎటు మలిగితే అటే మలుగుతున్నది. ఎవరింటికి పిల్లా అని అడిగిన.

"ట్రాక్టర్ సామాన్ల దుకాణానికి పెద్దమ్మా. ఆడ ఒక పాత సర్వర్ ఉందంట, దానికంటె పాత ముసలామె ఉందంట. ఇద్దరినీ సముదాయించాల్నంట."

ఆ ముసలామెను నేనే అని చెప్పలె. నేను పోయి దుకాణంల నా కుర్చీల కూసున్నంక తెలిసొచ్చింది ఆమెకు. నాలిక కరుసుకుంటదనుకున్న. కరుసుకోలె. "మంచిదాయె, ఒకరితోటి మాట్లాడుడు అయిపోయింది," అన్నది.

మా దుకాణంల ఏ సామాను ఏ అరల ఉందో చెప్పేది, బిల్లు కొట్టేది ఒక పాత ప్రోగ్రాం. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. దాన్ని రాసిన ఖమ్మం ఆయన ఎన్నడో కాలం చేసిండు. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగు గూడ మూడో తరగతి దాంకనే. అయినా ఏ మీట తర్వాత ఏ మీటనో నా వేళ్లకు తెల్సు, వడ్లు దంచేటామెకు రోకలి పోటు తెలిసినట్టు. ఆ ప్రోగ్రాం ఉండే సర్వర్ పెట్టె ముసలిదయి బిల్లు మధ్యల ఆగిపోతున్నది.

నా కొడుకు నాగచైతన్య తెగేసి చెప్పిండు. "ఆదివారం పొద్దుగూకే లోపల పాత ప్రోగ్రాం కొత్త సర్వర్ల నడిస్తే సరే. లేకుంటే పట్నం కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టిస్త. నువ్వు ఇంటికాడ రెస్ట్ తీసుకో అమ్మా." రెస్ట్ అంట. కుర్చీ గుంజుకుంటనని చెప్పనీకి ఎంత మెత్తటి మాట.

యశోదది ములకలపల్లి అవతల అడవి అంచు పల్లె. చిన్నప్పుడు తునికాకు కోసింది, భద్రాచలంల హాస్టల్ల ఉండి చదివింది, కొత్తగూడెంల కంప్యూటర్ల రిపేరు షాపు పెట్టింది. అమ్మతోటి ఫోన్ల కోయ భాషల మాట్లాడుతది. అణకువ లేదు. "ఈ పని నాకంటె బాగ చేసేటోళ్లుంటే చూపియ్యి పెద్దమ్మా, పోయి నేర్చుకుంట," అంటది. తిండి గూడ గట్లనే, పచ్చడి జాడీ ముందర పెడితే అడుగు కనవడ్తది.

పాత పెట్టె మూత తీస్తే లోపలంత ఎర్రగున్నది.

"ఇదేంది పెద్దమ్మా, దీనికి పెండ్లి చేసినవా?"

"ఏటా దసరాకు బొట్టు పెడ్త."

"ఆ కుంకుమంత ఫ్యాను లోపలికి గుంజుకున్నది. నీ భక్తికి దీనికి ఊపిరాడలె."

"ఇన్నేండ్లు నడిచింది గూడ ఆ బొట్టుతోటే," అన్న. ఆమె నవ్వుకుంట ఫ్యాను మీది కుంకుమ ఊదింది.

ఆదివారం షట్టర్ సగం దించి, అట్టడబ్బాల తెచ్చిన కొత్త సర్వర్ ముందట పెట్టుకొని పనికి కూసున్నది. "పాత ప్రోగ్రాముకు కొత్త సర్వర్ల బతుకుడు రాదు. అందుకే కొత్త ఇంట్ల దానికో పాత గది కడ్త. ఆ గదిల ఉన్నంతసేపు పాత ఇంట్లనే ఉన్ననుకుంటది," అన్నది. మధ్యాహ్నానికి నల్ల తెర లేచింది. నా పానం గూడ లేచొచ్చింది. ఆయిల్ ఫిల్టర్ బిల్లు కొట్టిన. కాయితం మీద ఫిల్టర్ పేరుంది, ఎన్ని అన్న కాడ ఖాళీ. మల్ల కొట్టిన, మల్ల ఖాళీ. యశోద కొడితే సక్కగొచ్చింది.

"నీ డబ్బాకు కండ్లు లెవ్వు, నన్ను గుర్తువడ్తలేదు," అన్న.

నాగచైతన్య ఫోన్ చేతుల పట్టుకొని, "కంపెనోళ్లకు చెప్పాల్నా?" అన్నడు.

"ఆగన్నా." యశోద తెరను చూసుడు ఆపి నా వేళ్లను చూసుకుంట నిలబడ్డది. జరసేపటికి నవ్వు మొదలువెట్టింది. "పెద్దమ్మా, ఎంటర్ రెండుసార్లు ఎందుకు కొడ్తున్నవ్?"

"ఒక్కసారికి ఇంటదా అది? చెవుడు."

"చెవుడు పాతదానికి. ఇది మొదటి దెబ్బకే ఇంటున్నది. ఎన్ని అని అడిగేసరికి నీ రెండో దెబ్బ పడుతున్నది, అదే జవాబనుకొని దాటిపోతున్నది."

"అయితే అమ్మ అలవాటు మార్చుకోవాలె," అన్నడు కొడుకు.

"రేపు గిరాకీ నిలబడ్డంక ఆ వేళ్లు మారయన్నా. గదినే నిదానం చేస్త, పెద్దమ్మ రెండో దెబ్బ పడ్డంకనే ఎన్ని అని అడుగుతది."

"కొత్తది కొని పాతదాని లెక్క నడిపిస్తవా?"

"గది ఒక్కటే నిదానం. మిగతా ఇల్లంత ఉరుకుతనే ఉంటది."

ఏవో అంకెలు తగ్గించి నన్ను కొట్టమన్నది. రెండుసార్లు ఎంటర్ కొట్టిన. ఫిల్టర్, పక్కన దాని లెక్క, రెండూ అచ్చయినయి. కొడుకు ఫోన్ జేబుల పెట్టిండు. నేను లేవబోతే యశోద భుజం మీద చెయ్యేసి మల్ల కూసోవెట్టింది.

"ఒక్క బిల్లుకు నేను నమ్మ పెద్దమ్మా. పొద్దుగూకే దాంక కొట్టు. గిరాకీ జల్దీ జల్దీ అంటుంటే ఎట్ల కొడ్తవో గట్లనే కొట్టు, తప్పులు గూడ కొట్టు. ఏడ ఆగితే ఆడ నన్ను తిట్టు. మెల్లగ తిట్టకు, ఎనక అన్నం తింటుంట, నాకు ఇనబడాలె."