పట్టుపురుగుల షెడ్డులో మైనింగ్ మెషీను

మా అక్క పట్టుపురుగులకు చలి వేయకుండా మొన్న నేను చేసిన ఏర్పాటు గురించి చెబుతాను. చలి వేయలేదు. వచ్చిన చిక్కల్లా అదే.

అక్కది బేతమంగళ దగ్గర పల్లె. పట్టుగూళ్లే ఆమెకు పంట. చలికాలంలో పురుగులు ఆకు సరిగా తినవు. అందుకని షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టి, రాత్రంతా లేచి లేచి చూసుకుంటుంది.

నా దగ్గర ఒక క్రిప్టో మైనింగ్ మెషీను ఉంది. పత్రికలో బ్లాక్‌చెయిన్ మీద వ్యాసాలు రాసీ రాసీ, ఆశపడి బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కేజీఎఫ్‌లో నేనుండే అద్దె ఇంట్లో పెడితే, మాటిమాటికీ ఫ్యూజు పోతోందని ఓనరు తీయించేశాడు. అది క్రిప్టో నాణేల కోసం కరెంటు తాగుతూ లెక్కలు చేస్తుంది, హీటరులా కాగుతుంది. ఎటూ వృథాగా పోయే వేడే కదా, పురుగులకు ఇద్దామన్నాను. స్వామికార్యం, స్వకార్యం. పొగ ఉండదు, నిద్ర చెడదు అనేసరికి అక్క కూడా సరేనంది.

కుంపటి తీసేసి మెషీను పెట్టి, ఆ రాత్రి ఇద్దరం కమ్మగా నిద్రపోయాం.

తెల్లవారి షెడ్డు తలుపు తీస్తే వడగాలి కొట్టింది. మెషీను ఫ్యాన్ల గాలికి తట్టల్లోని మల్బరీ ఆకు అప్పడంలా ఎండిపోయి ఉంది. దానికి ఎదురుగా ఉన్న తట్టల్లో పురుగులు చాలావరకు చచ్చిపోయాయి. మిగిలినవి తలలెత్తి పచ్చి ఆకు కోసం వెతుకుతున్నాయి. పట్టుపురుగులు తింటుంటే వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ పొద్దు ఫ్యాన్ల రొద ఒక్కటే ఉంది. ప్లగ్గు పీకాక అదీ లేదు.

అక్క అరవలేదు. చచ్చినవాటిని చేటలోకి ఏరుతూ, ఆ పెట్టె ఇంతగా కాగింది దేనికని అడిగింది. చెప్పాను. క్రిప్టో లావాదేవీల లెక్క రాసే వంతు ఎవరిదో తేల్చడానికి లోకమంతా ఇలాంటి మెషీన్లు పోటీపడతాయి. గెలిచేది ఒక్కటే. మిగతావాటి కష్టమంతా వేడిగా పోతుంది.

"ఇంగో దారి లేదా?"

ఉందన్నాను. కొన్నిచోట్ల కష్టపడి గెలిచే ఆ పాత పద్ధతి మానేశారు. తన సొత్తు తాకట్టు పెట్టినవాడికే రాసే వంతు. దొంగలెక్క రాస్తే సొత్తు పోతుంది. కరెంటు ఖర్చు చాలా తక్కువ.

అక్క చేట కింద పెట్టింది.

"అది న్యాయం. మరి నువ్వేం తాకట్టు పెట్టినావప్పా? పోయినవి నా పురుగులు గదా."

నాదంటూ ఏదీ పోలేదు. ఈసారి నాదీ ఏదైనా పెడతానని గొణిగాను.

"నీకాడ ఏముండాది, ఆ పెట్టె తప్ప? నీకు పాత పద్ధతే సరి. కష్టపడి చూపించు" అని కొడవలి చేతికిచ్చింది.

మిగిలిన పురుగులు గూడు కట్టేదాకా తోటలో ఆకు కోసేదీ, మోపులు మోసేదీ నేనే. పాత పద్ధతికి ఎంత శక్తి ఖర్చవుతుందో ఎన్నో వ్యాసాల్లో రాశాను. ఇప్పుడు రాయమంటే ఇంకా బాగా రాస్తాను. కాకపోతే నిలబడి రాయాలి, నడుము వంగడం లేదు.