వెనక వరుసలో సీసా

నోబుకోతో కూర్చుని ఒక సినిమా పూర్తిగా చూసేసరికి ఆమె భర్త తెత్సురోకి తలప్రాణం తోకకొస్తుంది. తెర మీద తల్లి కన్నుమూస్తుంటే ఈవిడ రిమోట్ నొక్కి బొమ్మని ఆపేస్తుంది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మోకాళ్ల మీద టీవీ దాకా పాకి, చేతిలోని నారింజ తొనతో ఆ తల్లి పక్కనున్న అద్దం బల్ల మీది సీసాని చూపిస్తుంది. "చూశారా? కథేమో యుద్ధం నాటిది. ఈ సెంటు సీసాకి బంగారు మూత వచ్చింది నేను ఉద్యోగంలో చేరిన ఏడు!" రిటైరయ్యేదాకా కోబేలో ఒక పెద్ద దుకాణంలో సెంట్లు, స్నోలు, పౌడర్లు అమ్మిన మనిషి మరి. "నన్ను కాస్త ఏడవనివ్వవే తల్లీ!" అని ఆయన ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నాడు.

మొన్న, ఆ దుకాణంలోనే, అక్కడి అమ్మాయిలనే నిలబెట్టి తీసిన పాత సినిమా ఒకటి రెండేళ్లు వెతికి పట్టుకొచ్చాడు. సెంట్ల కౌంటరు కనిపించగానే ఈసారి తనే ఆపాడు. నోబుకో ఎడమ నుంచి కుడికి పదకొండు సీసాల పేర్లు గడగడా చెప్పేసింది.

"సీసాలు సరేనే, మధ్యలో నిలబడ్డ పిల్లని చూడు! పంతొమ్మిదేళ్ల నువ్వేగా?"

నోబుకో కళ్లు చికిలించి చూసింది.

"నేనే," అంది విసుగ్గా. "ఆ మొద్దుది కాస్త పక్కకి జరిగుంటే ఏం పోయింది? పన్నెండో సీసా కనపడి చావట్లేదు!"