ముత్తమ్మ చాట ముందు ఖాళీ చోటు

మేడిపల్లిలో ఎవరిని కదిపినా ఒకటే మాట, ముత్తమ్మ బిడ్డకు ఫోను కొనిచ్చి చెడగొట్టుకుందని. అది పచ్చి అబద్ధం. ఆ ఫోను నేను చూశాను. అద్దం పగిలిన పాత ఫోను, పూటంతా చార్జింగు కూడా ఆగదు. ఇంకొందరేమో ఆమె మొగుడు మొగిలయ్య తాగి పిల్లను కొట్టాడంటారు. మొగిలయ్య రోజూ తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు గానీ చుక్క నోట్లో పోసుకోడు. పిల్ల మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. పక్కింట్లో ఉంటున్నాను కాబట్టి జరిగింది చెబుతాను.

ముత్తమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచి బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఒక్కతే బిడ్డ, అక్షిత. ఐదో తరగతి నుంచీ అంతే, బడి నుంచి రాగానే సంచి ఒక మూల పడేసి తల్లికి ఎదురుగా కూర్చునేది. తల్లి బీడీ చుట్టి దారం కడితే పిల్ల ఆ బీడీ మూతి మడిచేది. ఆకు కత్తిరించడానికి ఒక చిన్న కత్తెర కూడా ఉండేది పిల్లకు. వేళ్లు ఒరుసుకుపోకుండా పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఇచ్చింది ముత్తమ్మ.

చేతులు పనిలో, కళ్లు ఆకు మీద. ఒకరి మొహం ఒకరు చూసుకునే పనే లేదు. అప్పుడు ఆ పిల్ల చెప్పని ముచ్చట ఉండేది కాదు. లెక్కల సారు మీసాల సంగతి, స్నేహితురాలితో తగువు, కడుపునొప్పి, భయం, అన్నీ. ముత్తమ్మ ఏమీ అడిగేది కాదు. ‘ఊఁ’ అనేది, అంతే. గోడ ఇవతల ఉన్న నాకు ఆ ‘ఊఁ’లు రోజూ వినిపించేవి.

పదో తరగతిలో పిల్లకు మంచి మార్కులు వచ్చాయి. ముత్తమ్మ ఆ రోజే కత్తెర లాక్కుని అటక మీద పెట్టింది.

“గీ తంబాకు నాతోనే పోవాలె బిడ్డా. నువ్వు చదువుకో” అంది.

“ఉత్తగనే కూసుంటనే అమ్మా, ఏం ముట్ట” అని పిల్ల బతిమాలింది. ముత్తమ్మ వినలేదు. లోపలి గదిలో బల్ల, కుర్చీ వేయించి తలుపు దగ్గరికేసింది.

తంబాకు మాన్పించడం తప్పని నేననను. నేనూ బీడీలు చేసినదాన్నే, దాని ఘాటుకు నా ఛాతీ ఏమైందో నాకు తెలుసు. కానీ దాంతోపాటు ఎదురుగా కూర్చోవడం కూడా మాన్పించింది. చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చోమన్నా సరిపోయేది. అది ముత్తమ్మకు తోచలేదు. పక్కనే ఉన్న నాకూ తోచలేదు.

తరవాత చాయ్ పట్టుకుని గది గుమ్మంలో నిలబడేది ముత్తమ్మ. చదివినవా, ఎన్ని మార్కులొచ్చినయి, ఇవే అడిగేది. పిల్ల ‘ఆఁ’ అనేది. ఊఁ అనే తల్లి అడగడం నేర్చింది, అన్నీ చెప్పే పిల్ల ఆఁ అనడం నేర్చింది.

ఇంటర్‌కు కోరుట్లలో చేరింది. రోజూ బస్సు. లెక్కలు ఒక్క ముక్క ఎక్కలేదట. దసరా సెలవుల తరవాత కాలేజీకే పోలేదు. పొద్దున బస్సు దిగి, సాయంత్రం దాకా కోరుట్ల బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేదట. మూడు నెలలు. డబ్బాలో అన్నం అక్కడే తినేదట.

సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం గదిలోంచి వచ్చి చాట ముందు కూర్చుంది. ఒక ఆకు చేతిలోకి తీసుకుంది. ముత్తమ్మకు మర్నాడు ఇవ్వాల్సిన బీడీలు ఇంకా సగం కాలేదు.

“లే, తంబాకు ముట్టకు. పోయి చదువుకో” అంది, తల ఎత్తకుండా.

పిల్ల ఆకు తిరిగి తడిగుడ్డలో పెట్టి లేచి వెళ్లింది.

నెల తిరక్కుండా, పిల్ల దసరా నుంచి రావట్లేదని కాలేజీ నుంచి ఫోను. మొగిలయ్య అరవలేదు, కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున పిల్ల సిరిసిల్ల బస్సెక్కి మేనత్త రేణుక ఇంటికి చేరింది. రేణుక ఇంట్లోనే మిషన్ మీద లంగాలు కుడుతుంది. ఎనిమిది నెలలైంది. ముత్తమ్మ ఫోను చేస్తే ‘బాగున్న, తిన్న’ అంటుంది పిల్ల, అంతే.

పోయిన నెల ముత్తమ్మ ఆ చిన్న కత్తెర సంచిలో వేసుకుని సిరిసిల్ల పోయింది. వాకిట్లో ఉండగానే బిడ్డ నవ్వు వినబడిందట. కిటికీలోంచి చూస్తే అత్త మిషన్ తొక్కుతోంది, పిల్ల కింద కూర్చుని దారాలు తుంచుతూ ఏదో చెబుతోంది. రేణుక తల తిప్పకుండా ‘ఊఁ’ అంటోంది. ముత్తమ్మ అక్కడే నిలబడిపోయింది.

ఆమె గుమ్మంలోకి రాగానే పిల్ల మాట ఆగిపోయింది. “రా వదినె, గట్ల నిలబడ్డవేంది” అని రేణుక చాప వేసింది. ముత్తమ్మ బిడ్డ పక్కన కూర్చుని దారాలు తుంచింది. ఒక లంగా అయ్యాక ఇంకోటి ఒళ్లోకి తీసుకుంది. అప్పుడు అక్షిత, చేతిలో లంగా మీదే కళ్లు పెట్టి అంది.

“ఆ దినం జరసేపు కూసోనిస్తే చెప్తుంటి అమ్మా.”

ముత్తమ్మ ‘ఊఁ’ అంది. ఇంటికి రమ్మంటే పిల్ల తల అడ్డంగా ఊపింది. కత్తెర మాత్రం తీసుకుంది.

తిరుగు బస్సులో వేములవాడ దాకా కళ్లు తుడుచుకుంటూనే వచ్చానంది నాతో. ఇప్పుడు ఒక్కతే కూర్చుంటుంది. ఎదురుగా ఒక పీట వేసి ఉంచుతుంది, ఎవరినీ కూర్చోనివ్వదు.

మేడిపల్లి మీదుగా పోయేవాళ్లు ఒకసారి ఆమెను చూసి పోండి. బిడ్డ ఊసెత్తకండి. పక్కన కూర్చుని నాలుగు ఆకులు అందించండి, చాలు, ఆమే చెబుతుంది. సిరిసిల్ల పోయేవాళ్లెవరైనా రేణుక ఇంట్లో పిల్ల ఎట్లా ఉందో, సరిగ్గా తింటోందో లేదో, కనుక్కుని ముత్తమ్మకు ఒక మాట చెప్పండి.